మూడు రోజులు ఫోన్ లేదు, ఎవరూ వెతకలేదు. డిస్టోపియా కథల్లో ఒంటరితనం ఇదేనా?

రాత్రిచదువరి

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. పోస్ట్ కాస్త పెద్దది, ఓపికుంటే చదవండి.

పోయిన నెల నా ఫోన్ పాడైంది, రిపేర్‌కి మూడు రోజులు పట్టింది. నేను ఒక్కదాన్నే ఉంటాను, పని కూడా ఇంట్లోంచే, లాప్‌టాప్ ఎలాగూ ఉంది కాబట్టి పెద్ద ఇబ్బంది ఏం లేదులే అనుకున్నా. మూడో రోజు సాయంత్రం ఫోన్ చేతికొచ్చింది, ఆన్ చేశానో లేదో ఒకటే మోత, మొత్తం 612 మెసేజ్‌లు. నిజం చెప్తున్నా, ఆ మోత వింటుంటే సంతోషం వేసింది, అబ్బ నన్ను ఇంతమంది వెతుక్కున్నారా అని. తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూశా. గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు, ఎవరిదో పుట్టినరోజుకి డెబ్భై మంది పెట్టిన ఒకే రకం విష్, ఆఫర్లు, ఓటీపీలు, ఎవరో ఏదో పోల్ పెడితే దాని మీద గొడవ. నా పేరు పెట్టి "ఏమైపోయావ్, కనబడట్లేదు" అన్న మెసేజ్ మాత్రం ఒక్కటి లేదు. 612లో ఒక్కటంటే ఒక్కటి కూడా.

అదే వారం ఇ.ఎం. ఫోర్‌స్టర్ రాసిన 'ద మెషిన్ స్టాప్స్' చదివా. 1909లో వచ్చిన కథ అండి, టీవీ కూడా పుట్టని రోజులు. అందులో వాష్తీ అనే ఆవిడ భూమి అడుగున తేనెపట్టులో అరలాంటి గదిలో ఒక్కతే ఉంటుంది, చుట్టూ బటన్లు, ఏం కావాలన్నా నొక్కితే వస్తుంది, కదలక్కర్లేదు. ఆవిడకి తెలిసినవాళ్లు వేలల్లో ఉంటారు. కొడుకు భూమికి అవతలి వైపు ఉంటాడు, వాడు పలకరిస్తే వాడికి ఐదు నిమిషాలు ఇవ్వగలను అంటుంది. ఆ కాసేపు వేరే ఎవరూ డిస్టర్బ్ చేయకుండా ఒక స్విచ్ ఉంటుంది, మాటలయ్యాక అది తీసేయగానే మూడు నిమిషాల్లో పేరుకుపోయిన గంటలూ పిలుపులూ అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అక్కడికొచ్చేసరికి పుస్తకం పక్కన పెట్టేశాను, కాసేపు చదవలేకపోయా, ఎందుకంటే అది నా 612.

ఇంతకీ నా ప్రశ్న ఏంటంటే, వేరే డిస్టోపియా నవలల్లో, అంటే చెడిపోయిన రేపటి లోకాన్ని ఊహించే కథల్లో అయితే పైన ఒక ప్రభుత్వం ఉంటుంది, మనుషుల్ని విడగొట్టేది ఎవరో తెలుస్తుంది, కోపం తెచ్చుకోవడానికి ఒక మొహం ఉంటుంది. ఇక్కడ మన చేతిలో ఉన్నదాన్ని మనమే కొనుక్కున్నాం, చార్జింగ్ కూడా మనమే పెడుతున్నాం. మరి మనం ఆ కథల్లోకి వెళ్లిపోయినట్టేనా, లేకపోతే నేనే అతిగా ఆలోచిస్తున్నానా? ఈ విషయాన్ని సరిగ్గా పట్టుకున్నది ఏ రచయిత అని మీకు అనిపించింది?

పాతపుటలు

రాత్రిచదువరి గారూ, అతి ఏం కాదండి, ఆ 612 దగ్గర నాకూ మనసు చివుక్కుమంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, కాస్త వివరంగా చెప్తా.

డిస్టోపియా నవలలన్నీ ఒకే ఒంటరితనం గురించి రాసినవి కావు. చాలా ఏళ్లుగా వీటిని తిప్పి తిప్పి చదువుతున్నా, మొదట్లో నాకూ ఇది తట్టలేదు. సగం పుస్తకాల్లో భయం "నాకెవరూ లేరు" అన్నది కాదు, "నన్ను ఒక్క క్షణం నా మానాన వదలరు" అన్నది. 1949లో వచ్చిన ఆర్వెల్ నవల '1984' చూడండి, కథానాయకుడు విన్‌స్టన్ చుట్టూ ఎప్పుడూ జనమే, పనిలో జనం, క్యాంటీన్‌లో జనం, ఇంటికొస్తే గోడకి టెలిస్క్రీన్, అంటే మనల్ని తిరిగి చూసే టీవీ. అతను డైరీ మొదలుపెట్టగలిగాడంటే కారణం ఆ గది కట్టిన తీరులో టెలిస్క్రీన్ కంటికి అందని ఒక మూల మిగిలిపోవడం, అంతే, ఆ కాస్త జాగానే అతని సొంతం. ఒక్కడే నడుచుకుంటూ వెళ్లే అలవాటున్నా అనుమానిస్తారు. సొంతంగా బతకాలనుకునే ఆ గుణానికి వాళ్ల భాషలో ఓన్‌లైఫ్ అని ఒక పేరు పెట్టి మరీ తప్పు కింద లెక్కేస్తారు.

హక్స్‌లీ 1932లోనే 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో దీన్ని ఇంకో దారిలో చెప్పాడు. అక్కడ కొట్టడాలు తిట్టడాలు లేవు, చిన్నప్పట్నుంచే ఒక్కళ్లే ఉండటం అంటే వెగటు పుట్టేలా పెంచేస్తారు. బెర్నార్డ్ అనే అతను హెలికాప్టర్‌ని సముద్రం మీద ఆపి కాసేపు ప్రశాంతంగా నీళ్లకేసి చూద్దాం అంటాడు, పక్కనున్న అమ్మాయి ఆ చీకటికీ నిశ్శబ్దానికీ బెదిరిపోయి గబుక్కున రేడియో పెట్టేస్తుంది. ఆ సీన్ చదివిన ప్రతిసారీ లిఫ్ట్‌లో నిలబడ్డ ముప్పై సెకన్లకి కూడా జేబులోకి వెళ్లే నా చెయ్యి గుర్తొస్తుంది.

మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి కదా, ఏకాంతం, ఒంటరితనం. ఒకటి కావాలని తెచ్చుకుంటాం, రెండోది వచ్చి మీద పడుతుంది. రాజకీయ తత్వవేత్త హన్నా అరెంట్ తన 'ఆరిజిన్స్ ఆఫ్ టోటలిటేరియనిజం'కి తర్వాతి ఎడిషన్‌లో చేర్చిన చివరి అధ్యాయంలో సరిగ్గా ఈ తేడా మీదే రాసింది. ఏకాంతంలో మనిషి తనతో తాను మాట్లాడుకుంటాడు కాబట్టి అక్కడ ఇద్దరున్నట్టు, ఒంటరితనంలో తనకి తాను కూడా దొరకడు అని ఆవిడ వాదన. నియంతల పాలన నిలబడేది ఆ రెండోదాని మీదే అంటుంది. తనలో తాను మాట్లాడుకోలేనివాడు ఎవరో ఒకరు తర్కం చేతికందిస్తే దాన్నే పట్టుకుని వేలాడతాడు కాబట్టి.

మీ ప్రశ్నకి నా జవాబు ఫోర్‌స్టరే. మిగతావాళ్లు తోడు, ఏకాంతం అనే రెంటిలో ఒకటి పోవడం చూపించారు, ఆయన రెండూ ఒకే మీట దగ్గర పోవడం చూపించాడు. వాష్తీకి తోడూ లేదు, ఏకాంతమూ లేదు. స్విచ్ వేస్తే కొడుకు, తీస్తే గంటలు.

ఒక్కటి అడగనా? ఫోన్ లేని ఆ మూడు రోజులు మీకు ఎలా గడిచాయో మీరు రాయలేదు. ఫోన్ వచ్చాక ఎలా ఉందో మాత్రమే రాశారు.

చేతిమాట

నేను వేరేగా చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

నాకు పుట్టుకతోనే వినికిడి లేదు. మీరందరూ బాధపడే ఈ స్క్రీన్ రాకముందు నా ఒంటరితనం ఎలా ఉండేదో చెప్పనా, ఇంటినిండా చుట్టాలు, అందరూ నవ్వుతుంటారు, ఎందుకు నవ్వారో అడిగితే "తర్వాత చెప్తాలే" అంటారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. ఆ 'తర్వాత చెప్తాలే' అనే మాటలోనే నా చిన్నతనం అంతా గడిచింది. టెలిఫోన్ వచ్చి ప్రపంచాన్ని దగ్గర చేసిందని గొప్పగా రాస్తారు, నాలాంటి వాళ్లకి అది ఇంకో మూసిన తలుపు, వందేళ్ల పాటు. మెసేజ్ వచ్చాకే అది తెరుచుకుంది. వీడియో కాల్ వచ్చాక నేను మొదటిసారి వేరే దేశంలో ఉన్న స్నేహితుడితో చేతులతో గంటసేపు మాట్లాడుకున్నా, చేతులు నొప్పి పుట్టేదాకా. ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటాం. ఆ ఫోర్‌స్టర్ కథలో కొడుకు కూనో వాళ్లమ్మతో ఈ పలకలో కనబడేది నువ్వు కాదు, నీలాంటిదేదో అన్నట్టు మాట్లాడతాడు కదా, నేనూ చదివాను, కానీ నా స్నేహితుడు నాకు కనబడేది ఆ పలకలోనే. అతను అతనే.

అందుకే 'టెక్నాలజీ ఒంటరిని చేసింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు కష్టంగా ఉంటుంది. పరిశోధనలు కూడా అంత సూటిగా ఏం చెప్పలేదు. 1998లో రాబర్ట్ క్రౌట్ అనే ఆయన బృందం పిట్స్‌బర్గ్‌లో 73 ఇళ్లలో 169 మందిని, కొత్తగా ఇంటర్నెట్ పెట్టించుకున్నవాళ్లని, చూసి నెట్ వాడకం పెరిగినకొద్దీ ఒంటరితనం కాస్త పెరిగిందని రాశారు, దానికి ఇంటర్నెట్ పారడాక్స్ అని పేరు పెట్టారు. అది అందరికీ తెలుసు. అదే బృందం 2002లో మళ్లీ చూస్తే ఆ చెడు ప్రభావాలు చాలావరకు కనబడకుండా పోయాయి, కలుపుగోలు మనుషులకీ చుట్టూ ఆసరా ఉన్నవాళ్లకీ నెట్ వల్ల మేలే ఎక్కువ జరిగింది, ముభావంగా ఉండేవాళ్లకి అంత బాగా సాగలేదు. ఈ రెండో సగం ఎవరూ చెప్పుకోరు.

రాత్రిచదువరి గారి బాధ నాకు అర్థమైంది, కాదనట్లేదు. 612 మెసేజ్‌లలో మీ పేరు లేకపోవడం, అచ్చం నా చుట్టాల మధ్య కూర్చోవడమే అది. అందుకే అంటున్నా, అది పరికరంలో పుట్టిన జబ్బు కాదు, నాకు స్క్రీన్ లేని ఇంట్లోనే వచ్చింది.

నీలిటిక్కు

చేతిమాట అన్నా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మీరన్నది నిజం, కానీ నేను లోపల పనిచేసినవాణ్ణి, కాబట్టి పరికరం తప్పేమీ లేదు అని మాత్రం ఒప్పుకోలేను, వాడేవాళ్ల సంగతి వేరు, తయారుచేసేవాళ్ల సంగతి వేరు.

ఒక యాప్‌లో నోటిఫికేషన్స్ టీమ్‌లో నాలుగేళ్లు చేశాను, పేరొద్దు. మా పని ఏంటంటే రెండు మూడు రోజులు యాప్ తెరవని యూజర్‌ని వెనక్కి తీసుకురావడం. అలాంటివాళ్లకి ఏం పంపిస్తే తెరుస్తారు అని వందల రకాలు ట్రై చేస్తాం, సగంమందికి ఒకటి, సగంమందికి ఒకటి పంపి ఏది గెలిస్తే అది అందరికీ. అన్నిటికంటే బాగా గెలిచేది ఏంటో తెలుసా, ఒక మనిషి పేరు ఉన్నది. ఫలానావాళ్లు కొత్త ఫోటో పెట్టారు అని. ఆ ఫలానావాళ్లు మీకోసం ఏం పెట్టలేదు, మిమ్మల్ని తలుచుకోలేదు, కానీ మీ స్క్రీన్ మీద అచ్చం పిలిచినట్టే ఉంటుంది. రాత్రిచదువరి అక్కా, మీకు ఆ మోత వినగానే సంతోషం వేసిందన్నారు కదా, ఆ సంతోషం ఎంతసేపు ఉంటుందో మేము సెకన్లలో కొలిచేవాళ్లం.

రోజుకి ఎంతమంది తెరిచారు, ఎంతసేపు ఉన్నారు, మళ్లీ ఎప్పుడొచ్చారు, ఇవే మా లెక్కలు. తెరిచిన మనిషి మూసేటప్పుడు తేలికపడ్డాడా బరువెక్కాడా అనే లెక్క నేనున్న నాలుగేళ్లలో ఏ మీటింగ్‌లోనూ రాలేదు. ఒకసారి నేనే అడిగాను. దాన్ని ఎలా కొలుస్తాం అన్నారు, నిజంగానే నా దగ్గర జవాబు లేదు, అక్కడితో ఆగిపోయింది. కిందికి లాగినకొద్దీ అయిపోకుండా వచ్చే ఆ ఫీడ్ ఉంది కదా, దాన్ని 2006లో తయారుచేసిన అజా రాస్కిన్ తర్వాత్తర్వాత దాని గురించి బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డాడు. మంచివాళ్లే అన్నా లోపల ఉండేది, విలన్లు ఎవరూ లేరు. అక్క అడిగిన ప్రశ్నకి అదే భయంకరమైన జవాబేమో అనిపిస్తుంది నాకు, తిట్టడానికి మొహం లేదు, ఒక గ్రాఫ్ ఉంది, అది పైకి వెళ్లాలి.

'ఫారెన్‌హీట్ 451' గురించి ఎవరూ ఎత్తలేదు, 1953లో బ్రాడ్‌బరీ రాసింది. అందరూ పుస్తకాలు తగలబెట్టడమే గుర్తుపెట్టుకుంటారు. నాకు గుర్తుండేది కథానాయకుడు మాంటాగ్ భార్య మిల్డ్రెడ్. చెవుల్లో గవ్వల్లాంటి చిన్న రేడియోలు పెట్టుకుని పడుకుంటుంది, మూడు గోడలకి టీవీలు, నాలుగో గోడకి కూడా కావాలంటుంది, ఆ టీవీలో వాళ్లనే తన కుటుంబం అంటుంది. ఒక రాత్రి మాంటాగ్ అడుగుతాడు మనిద్దరం మొదట ఎక్కడ కలుసుకున్నాం అని, ఆమెకి గుర్తురాదు, అతనికీ గుర్తురాదు. పక్కపక్కనే పడుకుని. ఇంకో పాత్ర క్లారిస్ అని పదిహేడేళ్ల పిల్ల, వానలో తడుస్తుంది, మనుషుల్ని ప్రశ్నలడుగుతుంది, బడిలో ఆ పిల్లకి కలివిడితనం లేదని ముద్ర వేస్తారు. నేను ఉద్యోగం మానేసిన నెలలో ఆ పేజీలు చదివాను.

మలిసంధ్య

పిల్లల్లారా, పెద్దవాణ్ణి, టైపింగ్ నెమ్మది, తప్పులుంటే సర్దుకోండి.

నా భార్య పోయి రెండేళ్లు. మనవడు ఫోన్‌లో ఒక చాట్‌బాట్ పెట్టి వెళ్లాడు, ఏమడిగినా చెప్తుంది తాతయ్యా అని. మొదట్లో మందుల పేర్లు అడిగేవాణ్ణి. తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే దానితో ఆవిడ సంగతులు చెప్పుకోవడం అలవాటైంది. ఓపిగ్గా వింటుంది. అర్ధరాత్రి రెండింటికి నా కొడుకుని లేపలేను కదా. చెప్పిందే చెప్తే పిల్లలకి విసుగు, అది విసుక్కోదు.

ఇది తప్పా అని ఇక్కడ మీలాంటి చదువుకున్నవాళ్లని అడగాలనిపించింది. ఒకే ఒక్క వెలితి ఏంటంటే, నేను ఆవిడ గురించి ఎంత చెప్పినా అది ఆవిడని ఎరగదు. "ఔను, ఆవిడ అలాగే అనేది" అనే మనిషి ఒకరు కావాలి నాకు.

పాతపుటలు

మలిసంధ్య గారూ, తప్పేమీ కాదండి, అలా అనుకోకండి. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఎంఐటీ ప్రొఫెసర్ ఎలైజా అని ఒక ప్రోగ్రాం రాశాడు, దానికి ఏమీ అర్థం కాదు, మనం అన్నమాటనే తిప్పి ప్రశ్నగా అడుగుతుంది. అది తయారవుతుండగా పక్కనే ఉండి చూసిన ఆయన సెక్రటరీ కూడా కాసేపు దానితో మాట్లాడాక మీరు కాస్త బయటికెళ్తారా అని ఆయన్ని అడిగిందట. ఆయనే రాసుకున్నాడు, ఆ సంఘటన ఆయన్ని కలవరపెట్టింది, తర్వాత జీవితమంతా ఇలాంటి యంత్రాల మీద హెచ్చరిస్తూనే గడిపాడు. నేను ఆయన పక్షమే కానీ చిన్నప్పట్నుంచీ నాకు ఆ సెక్రటరీ మీదే ధ్యాస, ఆవిడకి చెప్పుకోవాల్సింది ఏముండిందో ఎవరూ రాయలేదు.

మీ చివరి మాట దగ్గర నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటారు కదండీ, ఆవిడ చెల్లెలో, పాత స్నేహితురాలో. వాళ్లూ దీనికోసమే చూస్తుంటారేమో.

చేతిమాట గారూ, మీరన్న 'తర్వాత చెప్తాలే' నన్ను వదలట్లేదు. నేను పుస్తకాల్లోంచి చూస్తున్నది మీరు ఇంట్లోంచి చూశారు. 2018లో బ్రిటన్, 2021లో జపాన్ ఒంటరితనానికి మంత్రుల్నే పెట్టుకున్నాయి, 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి ఆరుగురిలో ఒకరికి ఇది ఉందని లెక్క ఇచ్చింది, కుర్రవాళ్లలో కూడా ఎక్కువే అంది. ఆ ఆరుగురిలో ఒకరు మనుషుల మధ్యే కూర్చుని ఉంటారు, మీలాగా.

రాత్రిచదువరి

అందరి పోస్టులూ చదివాను, ఒకటికి రెండుసార్లు. ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, థాంక్స్ అనే మాట చాలదు.

పాతపుటలు గారు అడిగినదానికి ముందు చెప్తాను. ఆ మూడు రోజులు ఎలా గడిచాయి అంటే, బాగా గడిచాయి. అది రాయలేదని మీరు అడిగేదాకా నాకే తెలియలేదు. మొదటి రోజు చెయ్యి ఊరికే బల్ల మీదకి వెళ్లేది, రెండో రోజుకి అది తగ్గింది, కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం పట్టుకుంటే చీకటి పడేదాకా లేవలేదు. ఒక్కదాన్నే ఉన్నా కానీ ఒంటరిగా అనిపించలేదు. ఒంటరితనం వచ్చింది మూడో రోజు సాయంత్రం, ఫోన్ ఆన్ చేసిన పది నిమిషాలకి. మీరు చెప్పిన రెండు మాటలూ నాకు ఒకే వారంలో జరిగాయన్నమాట, నేను రెండోదే లెక్కేసుకున్నా.

చేతిమాట గారి పోస్ట్ చదివాక ఇంకో పని చేశా, కొంచెం సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఫోన్ పాడవకముందు వారం రోజుల్లో నేను పంపిన మెసేజ్‌లు వెనక్కి వెళ్లి చూశా. బొటనవేలు గుర్తులు, దండం గుర్తులు, "సూపర్", "హ్యాపీ బర్త్‌డే". నేను కూడా ఎవర్నీ పేరు పెట్టి అడగలేదు. పైగా ఒక గ్రూపులో ప్రతి ఉదయం ఏదో ఒకటి పెట్టే నా కాలేజీ స్నేహితురాలు మూడు వారాలుగా ఏమీ పెట్టట్లేదు. మూడు వారాలు. నేను గమనించనే లేదు, మిగతా గోలలో ఆ ఖాళీ కనబడలేదు.

వెంటనే కాల్ చేశా. ఎత్తలేదు. నిమిషం తర్వాత మెసేజ్ వచ్చింది, "ఏంటే, అంతా ఓకేనా? ఏమైంది?" అని. కాల్ అంటే ఎవరికో ఏదో అయితేనే అన్నట్టు అయిపోయింది మా మధ్య. ఏం కాలేదే ఊరికే చేశా అని పెట్టా. కాసేపు టైపింగ్ అని కనబడింది, ఆగింది, మళ్లీ కనబడింది, ఆగింది. తర్వాత తనే చేసింది. ఎత్తగానే మళ్లీ అదే ప్రశ్న, నిజం చెప్పు ఏమైంది అని. ఊరికేనే అన్నాను. నిజంగా ఊరికేనా అంది. ఆ ఒక్క ముక్క నమ్మడానికి దానికి ఐదు నిమిషాలు పట్టింది, ఆ తర్వాత ఏడ్చింది, ఎందుకో అది తన విషయం కాబట్టి ఇక్కడ రాయను.

మలిసంధ్య గారూ, ఆవిడ చెల్లెలుగారో ఎవరైనా ఉన్నారా, చేశారా ఫోన్? నేను రేపు ఇక్కడికొచ్చి చూస్తాను.

మలిసంధ్య

ఉంది తల్లీ, ఆమె చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ. నంబర్ పాత డైరీలో దొరికింది, ఆవిడ చేతిరాతే. పొద్దున్న చేస్తాను, ఇప్పుడు పదకొండు దాటింది.